పదమూడో వంటిల్లు

గురువారం పొద్దుటికి హైమవతి టీచర్ ఇంట్లో కొత్తగా పదమూడు వంటిళ్లు ఉన్నాయి.

బుధవారం దాకా ఒకటే ఉండేది. ఆమె పాలు కాయడానికి వచ్చేసరికి వెనక గోడలో, బియ్యం డబ్బా ఉండాల్సిన చోట, గుమ్మం ఉంది. గుమ్మం అవతల ఇంకో వంటిల్లు. అదే స్టవ్వు, అదే గిన్నెల స్టాండు, ఉప్పు జాడీ పక్కన అదే చిన్న నల్లటి పెట్టె. దాని వెనక గోడలో ఇంకో గుమ్మం.

ఆమె పాలు దించి మూత పెడుతుంది. తర్వాత లోపలికి నడుస్తూ లెక్కపెడుతుంది. లెక్కల టీచరు కాబట్టి వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. రెండుసార్లూ పదమూడే.

దీనికి కారణం ఆమెకు తెలుసు. బుధవారం చెల్లెలి పన్నెండో రోజు. చుట్టాలు బస్సులెక్కాక, చెల్లెలు రాసిపెట్టిన నోటుపుస్తకం తీసి, అందులో పదో సూచన ప్రకారం చేసింది. ఆ పుస్తకం అట్ట మీద "అక్కకి: నేను ఊళ్లో లేనప్పుడు" అని ఉంది. పదో సూచన ఇది: "నెలకోసారి కాపీలు తెరిచి చూడు. తెరిచి చూడని కాపీ ఉన్నా లేనట్టే. ఈ కింది ముక్క అక్షరం పొల్లుపోకుండా కొట్టు. భయపడకు, ఏమీ పేలదు." ఆమె కొట్టింది. తెర మీద "తెరుచుకుంది" అని వచ్చింది. ఇంకేమీ జరగలేదు కాబట్టి పడుకుంది.

చెల్లెలి పేరు కుసుమ. వయసు ముప్ఫై ఎనిమిది. విశాఖపట్నంలో ఒక చిన్న కంపెనీకి ఇంట్లోంచే పని చేసేది. ఇతరుల సర్వర్లు పడిపోకుండా చూసుకోవడం ఆమె పని. తొమ్మిదేళ్లుగా "వంటింటి కిటికీ" అని బ్లాగు రాసింది. రోజుకి నాలుగు వరసలు. ఆ కిటికీలోంచి ఆ రోజు ఏం కనిపించిందో అంతే. బ్లాగులు ఊరికే పెట్టుకోనిచ్చే చోట్లు చాలా ఉన్నా వాటి జోలికి పోలేదు. మన పెట్టె పరాయివాళ్ల అటక మీద ఎందుకు అనేది. ఎక్కడో ఒక యంత్రాన్ని అద్దెకి తీసుకుని, బ్లాగుని తన చేత్తో దాని మీద నిలబెట్టింది. ఆ యంత్రంలో ఉన్నదంతా రోజూ సాయంత్రం నాలుగున్నరకి కాపీ అయి, వంటింట్లో ఉన్న నల్లపెట్టెలోకి వచ్చేలా ఏర్పాటు చేసింది. అక్క బడి నుంచి వచ్చే వేళ కాబట్టి నాలుగున్నర.

నోటుపుస్తకంలో అదీ ఉంది. "పదమూడు కాపీలు ఉంచుతున్నాను. పద్నాలుగోది రాగానే అన్నిటికన్నా పాతది పోతుంది. పదమూడే ఎందుకో నీకు తెలుసు. నన్ను వంటింటి గుమ్మంలో నించోబెట్టిన రోజు గుర్తుచేసుకో."

హైమవతికి గుర్తుంది. కుసుమకి అప్పుడు ఎనిమిదేళ్లు. పదమూడో ఎక్కం అప్పజెప్పేదాకా గుమ్మం దాటకూడదని శిక్ష. పదమూడు ఆర్లు డెబ్భై ఎనిమిది దాకా వచ్చేది. పదమూడు ఏళ్లు దగ్గర ఆగిపోయేది. చీకటి పడ్డాక అమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. ఆ ఎక్కం కుసుమ ఎప్పటికీ పూర్తి చేయలేదు.

హైమవతి మళ్లీ లోపలికి వెళ్తుంది, ఈసారి లెక్కపెట్టకుండా. ప్రతి వంటింట్లో గోడ గడియారం నాలుగున్నర చూపిస్తోంది. ఆ వేళకి అక్కడ ఎవరుంటే వాళ్లున్నారు. మొదటి దాంట్లో పిన్ని అరిటాకులు మడుస్తోంది. మూడో దాంట్లో హైమవతే ఉంది. గోడకి తల ఆనించి, నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. ఆమె చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని తన కాళ్లని తానే దాటి వెళ్తుంది. కూర్చున్న మనిషి తల ఎత్తదు.

పన్నెండోది శనివారం. అందులో ఎవరూ లేరు. అడుగంటిన పప్పు గిన్నె సింకులో ఉంది.

పదమూడోది శుక్రవారం. కుసుమ టీ వడపోస్తోంది.

"వచ్చావా? వేలికి ఎర్రసిరా అలాగే అంటించుకుని వచ్చావు. ముందు చేతులు కడుక్కో" అంటుంది.

హైమవతి చేతులు కడుక్కుంటుంది. తువ్వాలుతో ఒక్కో వేలూ విడివిడిగా తుడుచుకుంటుంది. ఆ తర్వాత తల ఎత్తి చూస్తే, గోడకి వేసిన తెల్ల పలకల మీద, ఒక్కో పలకకి నాలుగు వరసల చొప్పున, చెల్లెలి రాత ఉంది. నేల నుంచి పైకప్పు దాకా. మిగిలిన పన్నెండు వంటిళ్లలో పలకలు ఖాళీగా ఉండటం ఆమె ఇప్పుడు గుర్తుచేసుకుంటుంది.

"అలా చూస్తావేంటే? అన్నీ నీకు చదివి వినిపించినవే. సగం కునుకుతూ విన్నావు" అంటుంది కుసుమ.

ఏడున్నరకి హైమవతి సన్యాసిరావుకి ఫోన్ చేస్తుంది. కుసుమతో కలిసి పనిచేసిన మనిషి. పన్నెండో రోజుకి విశాఖ నుంచి మోటారు సైకిల్ మీద వచ్చి, భోజనం చేయకుండా వెళ్లిపోయాడు.

"అయ్యో, బ్లాగు ఖాళీ అయిపోయిందాండీ?" అంటాడు. కీబోర్డు చప్పుడు వినిపిస్తుంది. "దొరికింది టీచరుగారూ. శనివారం మధ్యాహ్నం పాత సాఫ్ట్‌వేరు మీద కొత్తది దానంతటదే ఎక్కీసింది. అలా ఎక్కేలా కుసుమే పెట్టుకుంది. ఎక్కాక కూర్చుని చూసుకునేదండి, వారం వారం. ఆ శనివారం చూసుకునే మనిషి లేదు కదా మరి. ఎక్కడంలో తేడా వచ్చి బ్లాగంతా తుడుచుకుపోయింది."

"రోజూ కాపీలు తీసింది కదా?"

"తీసిందండి. ఖాళీని పన్నెండుసార్లు శ్రద్ధగా తీసింది. దాన్ని అనడానికి లేదు. ఉన్నది ఉన్నట్టు తీయడమే దానికి తెలుసు."

"పదమూడో దాంట్లో రాతలున్నాయి. కుసుమ కూడా ఉంది."

కీబోర్డు చప్పుడు ఆగుతుంది. "ఉంటాదండి" అంటాడు తర్వాత. "శుక్రవారం నాలుగున్నరకి ఉంది కదా. ఇవాళ నాలుగున్నర దాకా కూడా ఉంటాది. కొత్త కాపీ వచ్చిందంటే ఆ వంటిల్లు పోద్ది."

"ఏం చేయొచ్చు?"

"రెండే పనులండి. రాతలొక్కటే విడిగా పైకి తీయడం ఆ పెట్టెకి రాదు. ఒకటి, ఆ పదమూడోదాన్నే తెచ్చి ఇవాళ్టి స్థానంలో నిలబెట్టీడం. ఒక్క ముక్క కొడితే చాలు. అప్పుడు ఇవాళ శుక్రవారం అవుద్ది. కానీ శుక్రవారం తరవాత వచ్చీది శనివారమే కదా. అప్పుడు మళ్లీ శుక్రవారం తెచ్చుకోవాలి. ఎన్నిసార్లయినా తేవచ్చండి, దానికి అలుపుండదు."

"రెండోది?"

"నాలుగున్నర పనిని ఆపీడం. ఆపితే ఏదీ పోదు." గొంతు తగ్గిస్తాడు. "ఏదీ ఉండదు కూడా."

ఆమె పదమూడో వంటింటికి వెళ్లి మొదటి మార్గం చెల్లెలికి వివరిస్తుంది. వివరించాలంటే శనివారం సంగతి చెప్పాలి. పాఠం చెప్పేటప్పటిలా, ఏది ముందో అది ముందు చెబుతుంది. పదకొండున్నరకి గుండె ఆగిందని, ఆటో వచ్చేలోపే అయిపోయిందని.

"పదకొండున్నరా? పప్పు పొయ్యి మీద ఉండే వేళ. మాడిందా?"

"మాడింది. ఎదురింటి ఆవిడ వచ్చి స్టవ్వు ఆపింది."

కుసుమ టీ గ్లాసు అక్క ముందు పెడుతుంది. "నువ్వు శుక్రవారాన్ని తెచ్చుకుంటూ ఉంటే, ప్రతి శనివారం నేను పోవాలన్నమాట. నాకు గుర్తుండదనుకో. నీకుంటుంది."

హైమవతి టీ తాగుతుంది. గ్లాసులో టీ తగ్గదు.

"అది వద్దక్కా" అంటుంది కుసుమ. "ఒకసారికే ఆటో వేళకి రాలేదు నీకు."

తొమ్మిదింటికి ఆమె బడికి వెళ్తుంది. బడి వాళ్ల వీధికి వెనకే. తరగతి కిటికీలోంచి చూస్తే పొలాలు, పొలాల చివర రైలు గేటు కనిపిస్తాయి. ఆరో తరగతి బి సెక్షన్‌లో నలభై ఒక్కమంది. ఆమె లోపలికి రాగానే అందరూ లేచి నిలబడతారు. లీడరు పైడిరాజు చార్టు కాగితం ఒకటి రెండు చేతులతో పట్టుకుని ముందుకి వస్తాడు. దాని మీద అందరి సంతకాలు, మధ్యలో ఒక పువ్వు.

"టీచర్, మీ సెల్లెలుగారు పోయారని మేమందరం శాన బాధపడ్డాం టీచర్" అంటాడు. ఆ వాక్యం చాలాసార్లు అభ్యాసం చేసినట్టున్నాడు. వెనక బెంచీలో ఎవరో ముక్కు చీదుతారు.

ఆమె చార్టు తీసుకుని, బాగా రాశారు అని చెప్పి, పాఠం మొదలుపెడుతుంది. ఆ రోజు సింహాచలం అనే పిల్లకి భిన్నాల కూడిక వస్తుంది. జూన్ నుంచి రానిది వస్తుంది. బోర్డు దగ్గరే సుద్దముక్క పట్టుకుని, "ఇంతేనేటి టీచర్? దీనికేనా నాను ఏడిసింది?" అంటుంది. తరగతంతా నవ్వుతుంది. హైమవతి పదమూడు రోజుల తర్వాత మొదటిసారి తనూ నవ్వినట్టు గమనిస్తుంది.

సాయంత్రం నాలుగు ఇరవైకి ఇంటికి వచ్చి, నోటుపుస్తకంలో ఎనిమిదో సూచన ప్రకారం నాలుగున్నర పనిని ఆపేస్తుంది. గడియారం నాలుగున్నర కొట్టినప్పుడు వంటిళ్ల వరస, పట్టాల మీద బోగీల్లా, ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకసారి కదిలి ఆగుతుంది. ఏదీ ఊడిపోదు. రాత్రి భోజనం ఆమె శుక్రవారంలో చేస్తుంది.

శుక్రవారం ఉదయం, అంటే బయటి శుక్రవారం ఉదయం, ఆమె తరగతిలోకి రాగానే అందరూ లేచి నిలబడతారు. పైడిరాజు చార్టు కాగితం రెండు చేతులతో పట్టుకుని ముందుకి వస్తాడు.

"టీచర్, మీ సెల్లెలుగారు పోయారని మేమందరం శాన బాధపడ్డాం టీచర్."

వెనక బెంచీలో ఎవరో ముక్కు చీదుతారు.

హాజరు పట్టీలో గురువారం గడి ఖాళీగా ఉంది. ఆమె చార్టు తీసుకుంటుంది. నిన్నటి చార్టు పెట్టిన సొరుగులో ఏమీ లేదు. సింహాచలాన్ని బోర్డు దగ్గరికి పిలుస్తుంది. ఆ పిల్ల సుద్దముక్క పట్టుకుని అంకెల్ని చూస్తూ నిలబడుతుంది. కింది అంకెలు రెండూ కూడేస్తుంది. తప్పని తెలిసి కళ్లనీళ్లు పెట్టుకుంటుంది.

"నాకు రాదు టీచర్. నాకు రానే రాదు."

"నిన్న వచ్చింది" అని హైమవతి అనబోయి ఆగుతుంది. నిన్న ఎక్కడా లేదు.

ఆ సాయంత్రం సన్యాసిరావు తనే ఫోన్ చేస్తాడు. అతనికి గురువారం గుర్తుంది. అతని రోజులు విశాఖలో వేరే పెట్టెలో దాచబడతాయట. "మీ ఊరి వరకే ఆగిందండి. తిన్నారా?" అని మాత్రం అడుగుతాడు.

పదమూడో వంటింట్లో కుసుమ టీ వడపోస్తూ, "బడిలో ఏం జరిగింది ఇవాళ?" అంటుంది.

"ఏమీ జరగలేదు."

"బడిలో ఏమీ జరక్కపోవడమేంటే? పిల్లల్లేరా?"

హైమవతి సింహాచలం సంగతి చెబుతుంది. చార్టు సంగతి కూడా చెబుతుంది. కుసుమ వినేటప్పుడు వడపోత గిన్నె అలాగే చేతిలో పట్టుకుని ఉంటుంది. దాంట్లోంచి టీ చుక్కలు కింద పడక గాలిలోనే ఆగి ఉంటాయి.

"నీకేమైనా తిక్కా? నేను కాపీని, నువ్వు చదవడానికి ఉన్నానక్కా. నా మీద రాయడానికి లేదు. నా మీద ఇంకేం ఎక్కదు. ఆ పిల్ల మీద ఎక్కాలి."

"నువ్వు రాసినవన్నీ పోతాయి. మూడువేల పైన ఉన్నాయి."

"నేనుండగానే ఎవరు చదివారు? నువ్వు, సన్యాసిరావు, గుంటూరులో ఎవరో రిటైర్డ్ తాసిల్దారు." నవ్వుతుంది. నవ్వి, పలకల వైపు చూసి, నవ్వడం ఆపుతుంది. "కొన్ని బాగానే ఉండేవి" అంటుంది.

హైమవతి జీవితంలో చెల్లెలు ఏదైనా అడిగింది తక్కువ. ఇది అడగడమే అని ఆమెకు తెలుస్తుంది.

శనివారం ఉదయం పైడిరాజు మూడోసారి చార్టు తెస్తాడు. ఈసారి ఆమె వెంటనే బల్ల మీద పెట్టకుండా, నలభై ఒక్క సంతకాలనీ ఒక్కొక్కటే చూస్తుంది. గుండ్రని రాత, వంకర రాత, గీత మీద నిలబడని రాత. తర్వాత హెడ్మాస్టరు గౌరీశంకరం గారి గదికి వెళ్తుంది.

"మధ్యాహ్నం మా తరగతిని బయటికి తీసుకెళ్లాలండి. చూచిరాత కోసం."

"ఎక్కడికి?"

"మా ఇంటికి. పదమూడో వంటింటికి."

ఆయన కళ్లజోడు సర్దుకుంటాడు. "దూరమా?"

"పదమూడు గుమ్మాలు."

"రోడ్డు దాటాలా?"

"అక్కర్లేదండి."

"అయితే భోజనాలయ్యాక తీసుకెళ్లండి. తలలు లెక్కపెట్టుకోండి, వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ" అని సంతకం చేస్తాడు.

రెండింటికి నలభై ఒక్కమంది చూచిరాత పుస్తకాలు చంకన పెట్టుకుని, చెప్పులు వీధి గుమ్మంలో విడిచి, వరసగా నడుస్తారు. మూడో వంటింట్లో నేల మీద కూర్చున్న హైమవతిని చూసి, "టీచర్, మీరు ఈడ కూడా ఉన్నారు టీచర్" అంటాడు పైడిరాజు. "కాళ్లు తొక్కకుండా నడవండి" అంటుంది ఆమె. అందరూ ఆ కాళ్లని జాగ్రత్తగా దాటతారు.

"ఓరి దేవుడా, ఇంతమందికి టీ ఎక్కడ సరిపోద్ది?" అంటుంది కుసుమ. సరిపోతుంది. గిన్నెలో టీ తగ్గదు.

హైమవతి చూచిరాత నియమం చెబుతుంది. పైన ఎలా ఉందో కింద అలాగే రాయాలి. సొంతంగా ఏమీ కలపకూడదు. ఎవరికి నచ్చిన పలక వాళ్లు తీసుకోవచ్చు. ఏది ఉండాలో, ఏది పోవాలో తను ఎంచలేదు. రాత్రంతా ఎంచబోయి చేతకాలేదు.

పిల్లలు పలకల మీద పడతారు.

"నాది కుక్క ఉన్న పలక!"

"అది నేను ముందు సూసేను రా. నువ్వు పనసకాయ రాసుకో."

"టీచర్, దీన్లో మా నాన్న ఉన్నాడు టీచర్! సైకిల్ మీద కొబ్బరిబోండాలు. మా నాన్నే ఇది!"

సింహాచలం గోడకి ఆ మూలగా కూర్చుని, పెదవులు కదుపుతూ రాస్తోంది. హైమవతి ఆ పిల్ల భుజం మీదుగా చదువుతుంది.

"ఎదురు మేడ మీద మిరపకాయలు ఎండబెట్టారు. చినుకు పడగానే ముగ్గురు ఆడవాళ్లు మూడు వైపుల నుంచి పరుగెత్తారు. చేరేసరికి వాన ఆగిపోయింది. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు."

దాని పక్క పలక: "ఇవాళ మంచు. ఏమీ కనిపించలేదు. కిటికీ ఉంది. నేను చూశాను."

కిటికీ కింది వరసలో, ఉప్పు జాడీ సగం కప్పేసిన చోట, ఎవరూ తీసుకోని పలక ఒకటుంది. హైమవతి జాడీ జరిపి చదువుతుంది.

"అక్క బడి నుంచి వస్తోంది. వాన. చేతిలో గొడుగుంది, తెరవలేదు. తెరవకపోవడం ఎందుకో అడగను."

అది ఏ రోజో ఆమెకు తెలుసు. ఆ రోజు సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆమె సంచీలోంచి తన పుస్తకం తీసి, నేల మీద పిల్లల మధ్య కూర్చుని, ఆ నాలుగు వరసలూ చూచిరాత రాస్తుంది. మధ్యలో తల ఎత్తినప్పుడు కుసుమ స్టవ్వు వైపు తిరిగి ఉంటుంది.

నాలుగు ఇరవైకి ఆమె ఈ చివరికి వచ్చి, ఆపిన పనిని మళ్లీ మొదలుపెట్టి, తిరిగి లోపలికి వెళ్తుంది. పిల్లలు ఒక్కొక్కరు నాలుగేసి పలకలు రాశారు. నూట అరవై నాలుగు. ఆమెది ఒకటి. గోడ మీద ఇంకా రెండువేల ఎనిమిది వందల పైగా ఉన్నాయి. వాటి వైపు చూడకుండా పిల్లల్ని లేపి, వరసలో పెట్టి, గుమ్మం దగ్గర నిలబడి తలలు లెక్కపెడుతుంది. నలభై ఒకటి. పైడిరాజు అందరికన్నా చివర, వంటింటి మధ్యలో నిలబడి కుసుమకి దండం పెట్టి, ఏదో చెప్పాలని, తను బాగా నేర్చుకున్న వాక్యమే చెబుతాడు.

"మీరు పోయారని మేమందరం శాన బాధపడ్డామండి."

"అలాగా నాయినా? మంచిది" అంటుంది కుసుమ. "నీ పుస్తకంలో కిందిదాన్లో 'మేడ' దగ్గర చెయ్యి ఆగిందిరా నీకు. ఇంటికెళ్లి ఇంకోసారి రాసుకో."

పిల్లలు వెళ్లిపోయాక హైమవతి గుమ్మం మీద నిలబడి ఉంటుంది. ఒక కాలు శుక్రవారంలో, ఒక కాలు శనివారంలో.

"నన్ను నించోబెట్టింది అక్కడే" అంటుంది కుసుమ. "సరే, ఇప్పుడైనా చెప్పి వెళ్లు. పదమూడు ఏళ్లు ఎంత?"

"నువ్వే చెప్పాలి."

"చచ్చినా వదలవు కదా." చెల్లెలు నవ్వి, గ్లాసు తీసి కడగడం మొదలుపెడుతుంది. "ఆలోచించి చెప్తాను. నువ్వెళ్లు, నాలుగున్నర అవుతోంది."

హైమవతి కాలు వెనక్కి తీసుకుంటుంది.

గొలుసు ఊడినట్టు ఒక చప్పుడు. బియ్యం డబ్బా దాని చోటికి వచ్చి నిలుస్తుంది. గుమ్మం లేదు. ఇవతల, మొదట్లో, ఆ శనివారపు వంటిల్లు కొత్తగా చేరింది. దాని నేల మీద నలభై ఒక్కమంది కాళ్ల గుర్తులున్నాయి. మళ్లీ లెక్కపెడితే పదమూడే.

చివరి దాని కిటికీలోంచి ఆమె బయటికి చూస్తుంది. కోసిన చేలో, ఇంటికి పాతిక అడుగుల దూరంలో, ఒక వంటిల్లు విడిగా నిలబడి ఉంది. దీపం వెలుగుతోంది. కిటికీలో కుసుమ గ్లాసు కడుగుతోంది. వంటిల్లు కదులుతోందని తెలియడానికి హైమవతికి చాలాసేపు పడుతుంది. గట్టుని చూసి తెలుసుకుంటుంది.

ఆదివారం సన్యాసిరావు వస్తాడు. ఈసారి భోజనం చేస్తాడు. ఇద్దరూ కూర్చుని కొత్త యంత్రాన్ని అద్దెకి తీసుకుని, దాని మీద బ్లాగుని నిలబెడతారు. దేన్నీ దానంతటది ఎక్కనివ్వకుండా అతను కట్టడి చేస్తాడు. నూట అరవై అయిదు పోస్టులు, పిల్లల చేతిరాత ఫొటోలతో సహా, ఆమె ఒక్కొక్కటే ఎక్కిస్తుంది. చీకటి పడే ముందు గుంటూరు తాసిల్దారుగారి నుంచి ఒక వ్యాఖ్య వస్తుంది: "పక్షం రోజులుగా కిటికీ మూసి ఉంది. ఆరోగ్యం బాగుందా?" సన్యాసిరావు ఆ మాటలు చదివి, చెయ్యి కడుక్కోవాలని లేచి వెళ్తాడు. చెయ్యి అప్పటికే కడిగి ఉంది.

నోటుపుస్తకంలో చివరి సూచన ఆమె అప్పుడు చదువుతుంది. "ఒక యంత్రం అరనిమిషానికోసారి బ్లాగుని 'ఉన్నావా' అని అడుగుతూ ఉంటుంది. 'ఉన్నాను' అని రావాలి. నీ హాజరు పట్టీ లాంటిదే. జవాబు ఆలస్యమైతే కంగారుపడి పేరు కొట్టేయకు. ఆలస్యం వేరు, రాకపోవడం వేరు."

సోమవారం చార్టు ఎవరూ తేరు. శనివారం తెచ్చిందే సొరుగులో ఉంది. సింహాచలం భిన్నాల దగ్గర మళ్లీ మొదటి నుంచి ఏడ్చి, మళ్లీ నేర్చుకుంటుంది.

హాజరు పట్టీలో నలభై ఒకటో పేరు కింద నలభై రెండో పేరు ఉంది. ఎర్రసిరాతో, హైమవతి చేతిరాతలోనే. ఆమె రాసినట్టు గుర్తులేదు. వేలికి సిరా ఉంది.

"నలభై రెండు" అని పిలుస్తుంది. "కుసుమ."

పిల్లలు తలలు కిటికీ వైపు తిప్పుతారు. చేల మధ్య వంటిల్లు పెద్ద బీరువా అంత కనిపిస్తోంది. జవాబు రాదు. ఊరికే కూర్చోవడం పిల్లలకి చేతకాదు కాబట్టి ఆమె, "పదమూడో ఎక్కం" అంటుంది.

"పదమూడొకట్ల పదమూడు" అంటారు అందరూ. ఆ వరస పూర్తయ్యేసరికి చేల మీదుగా, టీ వాసనతో పాటు, "హాజరు" అని వస్తుంది. హైమవతి గడిలో గుర్తు పెడుతుంది.

మంగళవారం రెండు వరసలు చెప్పేదాకా రాదు. బుధవారం మూడు. వంటిల్లు ట్రంకుపెట్టె అంత అవుతుంది, బిందె అంత అవుతుంది, శనివారానికి అగ్గిపెట్టె అంత. గౌరీశంకరం గారు వరండాలో ఆగి, చేతిలో గంట కర్రతో, జవాబు వచ్చాకే మొదటి పీరియడ్ గంట కొడుతున్నాడు. ఆలస్యానికి కారణం పుస్తకంలో "దూరం" అని రాస్తున్నాడు.

ఆదివారం పోను ఏడో రోజు సోమవారం. వంటిల్లు ఆవగింజ అంత ఉంది, వెలుగుతోంది కాబట్టి కనిపిస్తోంది. రైలు గేటు దగ్గరికి చేరింది.

"కుసుమ" అని పిలుస్తుంది హైమవతి.

పిల్లలు ఎక్కం మొదలుపెడతారు. పదమూడు ఆర్లు డెబ్భై ఎనిమిది దాకా వస్తారు. జవాబు రాదు. "పదమూడు ఏళ్లు" అంటారు. అని, ఎవరూ చెప్పకుండానే, నలభై ఒక్కమందీ అక్కడ ఆగిపోతారు.

హైమవతి కలం పట్టీ మీద పట్టుకుని ఉంటుంది. సిరా చుక్క పాళీ చివర నిలిచి ఉంటుంది, కింద పడదు.

"తొంభై ఒకటి" అని వస్తుంది చేల మీదుగా.

ఎనిమిదేళ్ల పిల్ల గొంతు. సింహాచలం టీచరు వైపు చూసి, రైటేనా అన్నట్టు కనుబొమలు ఎగరేస్తుంది. టీచరు తల ఊపుతుంది, గుర్తు పెడుతుంది. ఇంక ఆ గొంతు ఆగదు. పదమూడు ఎనిమిదులు నూట నాలుగు, పదమూడు తొమ్మిదులు నూట పదిహేడు, పదమూడు పదులు నూట ముప్ఫై, పదమూడు పదకొండ్లు. పిల్లలు వెనక నుంచి అందుకుంటూ అంటారు. గోడ మీది ఎక్కాల పట్టిక పదితో ఆగిపోయింది. దాని కింద సున్నం గోడ మీద మిగిలిన వరసలు ఒక్కొక్కటే, చూచిరాతలో, పైకి తేలుతున్నాయి.

గేటు దగ్గర పాసింజరు రైలు ఆగి ఉంది. జనం కిటికీల్లోంచి తలలు బయటికి పెట్టి చూస్తున్నారు. ఎవరూ విసుక్కోవడం లేదు. వంటిల్లు పట్టాలు దాటుతోంది.